ఎవరికొచ్చిన పాట వాళ్లది

చలికాలం మొదలవగానే ఒక సాయంత్రం కలుద్దాం, ఎవరికొచ్చింది వాళ్లు పాడదాం, పద్యం వస్తే పద్యం, కథ వస్తే కథ. దుబాయ్, షార్జా, అజ్మాన్‌లలో ఉంటున్న మా తెలుగు కుటుంబాల వాట్సాప్ బృందంలో ఒకావిడ పెట్టిన ప్రతిపాదన ఇంతే. దానికి మొదటి రోజు వచ్చినన్ని జవాబులు మా బృందంలో నేనెప్పుడూ చూడలేదు. ఇండియా నుంచి వీణ తెచ్చుకుని మంచం కింద దాచేసిన ఇల్లాలు తానూ వాయిస్తానంది. ఘంటసాల పద్యాలంటే ప్రాణం పెట్టే అకౌంటెంటు గారు పేరిచ్చారు. మిమిక్రీ చేస్తానని ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. వారం తిరిగేసరికి అదే బృందంలో ఆడిషన్లట, ముగ్గురు న్యాయనిర్ణేతలట, హైదరాబాద్ నుంచి ముఖ్య అతిథట, ఎల్ఈడీ తెరట, స్పాన్సర్లట. వీణ ఇల్లాలు తన పేరు వెనక్కి తీసుకుంది. పోటీ అయితే తనవల్ల కాదంది. నాకు కోపమూ వచ్చింది, దుఃఖమూ కలిగింది.

లెక్క చూడండి. సాయంత్రం మూడు గంటలు అంటే 180 నిమిషాలు. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, అతిథి పరిచయం, అతిథి ప్రసంగం, స్పాన్సర్లకు శాలువాలు, జ్ఞాపికలు, వాటికి ఫొటోలు కలిపితే గంట పోతుంది. మిగిలినదాంట్లో మనిషికి అయిదు నిమిషాల చొప్పున ఇరవై ముగ్గురో ఇరవై నలుగురో పాడగలరు. పేర్లేమో దానికి రెట్టింపు వచ్చాయి. అందుకని ఆడిషన్ అంటున్నారు. శాలువాలకి చోటు చేయడానికి మనుషుల్ని తీసేస్తున్నారన్నమాట. ఆ గంట వెనక్కి తీసుకుని, మనిషికి పల్లవి, ఒక చరణం చాలు అని నియమం పెట్టుకుంటే పేరిచ్చిన ప్రతి ఒక్కరూ పాడి ఇంటికి పోవచ్చు.

ఎవరు పాడాలో, ఎవరు పాడకూడదో తేల్చే అధికారం కొందరి చేతికి పోతే ఏమవుతుందో మన సంగీత చరిత్రలోనే ఉంది. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి ఆరాధన నడిపిన వర్గాలు ఆడవాళ్లని పాడనివ్వలేదు. 1920ల్లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ తన డబ్బుతో అక్కడ సమాధి మందిరం కట్టించింది. ఆ సన్నిధిలోనే పాడటానికి లేదంటే ఊరుకోలేదు, ఆడవాళ్ల కోసం విడిగా ఆరాధన మొదలుపెట్టింది. ఇవాళ పుష్య బహుళ పంచమి నాడు ఆడా మగా వందలమంది అక్కడ ఒక్క గొంతుగా పంచరత్నాలు పాడుతున్నారు. వాళ్లలో విద్వాంసులుంటారు, నిన్న మొన్న నేర్చుకున్నవాళ్లూ ఉంటారు.

పోటీల్లోంచే కదా బాలు వచ్చారు అని మా బృందంలో ఒకరు వాదించారు. నిజమే. 1964లో మద్రాసులో తెలుగువాళ్లు పెట్టిన పాటల పోటీలో గెలిచిన ఇంజనీరింగ్ కుర్రాడు సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి చెవిన పడ్డాడు. రెండేళ్లకు, 1966 డిసెంబరులో, మొదటి సినిమా పాట పాడాడు. గాయకుడు కావాలనుకునేవాడికి పోటీ ఉండాల్సిందే, ‘పాడుతా తీయగా’ లాంటి వేదికలు ఉండాల్సిందే. కానీ పగలంతా ఆఫీసులో కూచుని, రాత్రి పిల్లల్ని నిద్రపుచ్చి పాడుకునే నలభై ఏళ్ల మనిషికి ఎవరి మార్కులూ అక్కర్లేదు. ఆ మనిషికి కావలసింది వినేవాళ్లు. నాటక నటుడు బళ్లారి రాఘవ వృత్తికి వకీలు. తెలుగు నాటకాన్ని మొదటి రోజుల్లో భుజాన మోసినవాళ్లలో వకీళ్లు, బడిపంతుళ్లు, గుమాస్తాలు ఎందరో. పొట్టకూటికి వేరే పని చేసుకుంటూ కళని పట్టుకున్నవాళ్లంటే మనకి ఎప్పటినుంచో గౌరవం ఉంది. గల్ఫ్‌కి వచ్చి దాన్ని పోగొట్టుకోవద్దు.

ఇక కరోకే ట్రాకు సంగతి. దీని గురించి నేను ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

కార్యక్రమానికి పేరిచ్చే ఫారంలో ‘ట్రాక్ లింక్’ అని ఒక గడి పెట్టారు, నింపకపోతే పేరు నమోదు కాదు. కరోకే ట్రాకు అసలు గాయకుడి శ్రుతిలో ఉంటుంది. మగగొంతుకి మామూలుగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతి. ఆడవాళ్లకి, పిల్లలకి అయిదు, అయిదున్నర. పదేళ్ల పిల్లాడు బాలు పాట ఎత్తుకుంటే పల్లవి గొంతులోనే ఉండిపోతుంది, బయటికి రాదు. తల్లి ముందు వరుసలోంచి గట్టిగా పాడు నాన్నా అంటుంది. వాడెంత గట్టిగా పాడినా మంద్రంలో వాడికి గొంతు లేదు. తప్పు వాడిది కాదు. శ్రుతి మార్చే యాప్‌లు ఫోన్లలోనే ఉన్నాయి, కానీ ముందు పిల్లాడి శ్రుతి ఏదో కనిపెట్టేవాళ్లు ఉండాలి కదా. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

శ్రుతి కుదిరినా ట్రాకుతో ఇంకో బాధ ఉంది. చరణం ఎత్తుకోవడంలో ఒక్క క్షణం తడబడితే ట్రాకు తన దారిన పోతుంది. పాడే మనిషి దాని వెనక పరిగెత్తాలి. అదే పక్కన హార్మోనియం పట్టుకున్న మనిషి ఉంటే గాయకుడి ముఖం చూసి ఆగుతాడు, ఇంకో ఆవర్తం వాయిస్తాడు, కళ్లతో అందిస్తాడు, సభకి తెలియనివ్వడు. మా బృందంలో కీబోర్డు వాయించేవాళ్లు ఇద్దరున్నారు, తబలా వచ్చినాయన ఒకరున్నారు. ట్రాకు వచ్చాక వాళ్లకి పని లేకుండా పోయింది. ఇంతమందిలో వాయించగలిగినవాళ్లని కూచోబెట్టి డబ్బాలోంచి వాద్యగోష్ఠి వినడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఎవరూ లేకపోతే ఫోనులో తంబూర పెట్టుకుని పాడండి, చాలు. శ్రుతిలో నిలబడ్డ ఒంటరి గొంతు ఎంత బాగుంటుందో మనం మర్చిపోయాం.

మనుషులు వాయించాలంటే రిహార్సల్ కావాలి, నిజమే. అది ఫోన్లలో జరగదు. ఈ దేశంలో వాట్సాప్ కాల్ పనిచేయదు. జూమ్‌లో కలిసినా శబ్దం ఆలస్యంగా అందుతుంది కాబట్టి ఇద్దరు కలిసి తాళం వేయలేరు. అల్ ఖుసైస్‌లోనో ముయిలేలోనో ఎవరింట్లోనో కూచోవాలి. కూచుంటే టీ పెడతారు, పిల్లలు ఆడుకుంటారు, కొత్తగా వచ్చినవాళ్లు పరిచయమవుతారు. అసలు సాయంత్రం కన్నా అదే గొప్ప సాయంత్రం కావచ్చు.

డబ్బు మాట రెండు ముక్కల్లో. అనుమతి లేనివాళ్లు విరాళాలు వసూలు చేయడం ఇక్కడ చట్టవిరుద్ధం, 2021లో దానికి ఫెడరల్ చట్టమే వచ్చింది. దుబాయ్‌లో టికెట్టు పెట్టి ప్రదర్శన జరపాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. కార్యక్రమం పెద్దదయ్యేకొద్దీ ఈ చిక్కులన్నీ నెత్తిన పడతాయి. ఇంటికో గిన్నె పులిహోరో పకోడీలో తెచ్చుకుని తెలిసినవాళ్లం కలిస్తే ఏ స్పాన్సరు గుమ్మమూ తొక్కక్కర్లేదు.

చివరికి తేదీ దగ్గర గొడవ మొదలైంది, నా మనసు అక్కడ ఇంకెటో పోయింది. 2022 జనవరి నుంచి ఇక్కడ ప్రభుత్వానికి వారాంతం శనివారం, ఆదివారం అయింది, షార్జాలో శుక్రవారం కూడా సెలవే. అందుకని షార్జావాళ్లు శుక్రవారం అన్నారు, దుబాయ్‌వాళ్లు శనివారం అన్నారు. శనివారం ఖాయమైంది. శనివారం పనికి పోయే తెలుగువాళ్ల ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కామారెడ్డి పల్లెల నుంచి వచ్చి సోనాపూర్, జబల్ అలీ, సజా క్యాంపుల్లో ఉంటున్న మన మనుషులకి వారానికి ఒకే రోజు సెలవు, చాలామందికి అది ఆదివారం. ఈ నగరాల గోడలు కట్టింది వాళ్లు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి ప్రభుత్వం నియమం పెట్టింది, ఆ నియమం ఎవరి కోసమో మనకి తెలుసు. తెలుగు సంఘాల వేదికల మీద మాత్రం వాళ్లు కనపడరు. కనపడితే రక్తదాన శిబిరంలో వరుసలో కనపడతారు.

వాళ్లలో ఎంత కళ ఉందో ఊరు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ పల్లెల్లో చిరుతల రామాయణం ఆడతారు, చేతుల్లో చిరుతలు వాయిస్తూ గుండ్రంగా తిరుగుతూ, పాటా ఆటా కలిపి. ఒగ్గు కథ వింటూ పెరిగారు, భజన కీర్తనలు నోటికొచ్చు. క్యాంపులో రాత్రి వంటయ్యాక వాళ్లు పాడుకుంటారు, ట్రాకు లేకుండా. మా ఫారంలో ‘సినిమా పేరు’, ‘ట్రాక్ లింక్’ అని గళ్లున్నాయి. చిరుతల రామాయణానికి ఏ గడీ లేదు.

కాబట్టి నేనడిగేది ఇది. ఆడిషన్ తీసేయండి. ముఖ్య అతిథి వద్దు. ఫారం మార్చి పేరు, ఏం చేస్తారు, ఎన్ని నిమిషాలు అని మూడే గళ్లు పెట్టండి. వీణ ఇల్లాలికి ఎవరైనా ఫోన్ చేసి మళ్లీ పేరివ్వమని అడగండి. తేదీని ఆదివారానికి మార్చండి. ఆ రోజు మధ్యాహ్నం క్యాంపుల నుంచి మనుషుల్ని తీసుకురావడానికి, రాత్రి తొమ్మిదిలోపు తిరిగి దింపడానికి కార్లు కావాలి, తెల్లారితే వాళ్లకి డ్యూటీ. సోనాపూర్‌కి నా కారు వస్తుంది, నలుగురు పడతారు. జబల్ అలీకి, సజాకి ఎవరొస్తారో ఈ వారమే చెప్పండి.