తెల్లటి నవ్వుకు ఖరీదెంత?

పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక ఆడపిల్లకు చేయించే పనుల్లో ఈమధ్య కొత్తది ఒకటి చేరింది. చీరలు, నగలు, ఫేషియల్, మెహెందీల సరసన ‘పళ్ల వైటెనింగ్’! పట్నాల్లోనే కాదు, ఓ మోస్తరు ఊళ్లలోనూ బోర్డుల మీద ఈ మాట కనిపిస్తోంది. కొన్ని బ్యూటీపార్లర్లు పెళ్లికూతురి ప్యాకేజీలో దీన్నీ కలిపేస్తున్నాయి. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే నీలిలైటుతో సహా కిట్టు ఇంటికే వస్తోంది. పలువరుస తెల్లగా ఉండాలనుకోవడం తప్పని నేను అనను. కానీ దానికోసం పంటి పైపొరనే పాడుచేసుకుంటున్న వాళ్లను చూస్తే ఊరుకోబుద్ధి కావడం లేదు.

ఆ పైపొర పేరు ఎనామిల్. మన ఒంట్లో ఇంతకంటే గట్టి పదార్థం లేదు. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్ అరిగిందంటే మాత్రం మళ్లీ పుట్టదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికొచ్చేసరికే పోతాయి. పైగా దాని కిందుండే డెంటిన్ పొర రంగు పసుపు. పైపొర పలచబడేకొద్దీ ఆ పసుపు బయటపడుతుంది. అంటే తెల్లబడాలని గీకి గీకి తోమినవాళ్ల పళ్లు చివరికి ఇంకా పచ్చబడతాయన్న మాట!

మరి వైటెనింగ్‌లో జరిగేదేమిటి? హైడ్రోజన్ పెరాక్సైడో, కార్బమైడ్ పెరాక్సైడో ఉన్న జెల్లు పూస్తారు. అది పంటిలోకి ఇంకి రంగు పదార్థాలను విరగ్గొడుతుంది. 1989లో అమెరికాలో హేవుడ్, హేమన్ అనే దంతవైద్యులు 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌ను ట్రేలో పెట్టి రాత్రిపూట వాడే పద్ధతిని ప్రచురించారు. ఆ 10 శాతంలోంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు మూడున్నర శాతమే. ఆ మోతాదులో, డాక్టరు చెప్పినట్టు వాడితే ఎనామిల్‌కు చెప్పుకోదగ్గ హాని ఉండదు. కొన్నాళ్లు పళ్లు జివ్వుమంటాయి, చాలామందికి తగ్గిపోతుంది. మోతాదు పెంచినప్పుడు, చెప్పినదానికంటే ఎక్కువసేపు ఉంచినప్పుడు, నెల తిరక్కుండా మళ్లీ చేయించుకున్నప్పుడు, జెల్లులోనే పులుపు గుణం ఎక్కువైనప్పుడు వస్తుంది చిక్కంతా.

ఇంటి చిట్కాల సంగతి కూడా చెప్పుకోవాలి. పచ్చి చింతకాయ తింటే పళ్లు పులుస్తాయని మనందరికీ తెలుసు. మరి నిమ్మచెక్కతో రోజూ పళ్లు రుద్దమని ఎవరో వీడియోలో చెబితే ఎలా నమ్ముతున్నాం? నోట్లో పి.హెచ్. సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ ఖనిజం కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పి.హెచ్. 2, 3 మధ్యే! ఇక బొగ్గు. ఒకప్పుడు కచ్చిక, బొగ్గుపొడితో తోముకునేవాళ్లం. అదే ఇప్పుడు నల్లటి పేస్టుగా ఖరీదైన ట్యూబులో వస్తోంది. బొగ్గు పేస్టులు తెల్లబరుస్తాయనడానికి గానీ, భద్రమైనవనడానికి గానీ తగిన ఆధారాల్లేవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది.

మా వీధిలో ఓ అమ్మాయి పెళ్లికి వారం ముందు పార్లర్‌లో వైటెనింగ్ చేయించుకుంది. చిగుళ్లు పొక్కి, మంచినీళ్లు తాగినా ప్రాణం విలవిల్లాడింది. జెల్లు ఎంత శాతమని వాళ్లమ్మ వెళ్లి అడిగితే అక్కడెవరికీ తెలియదు! ఆ పిల్లకు ముందే ఓ పిప్పిపన్ను ఉందన్న సంగతి ఆ తర్వాత డాక్టరు చూస్తేనే బయటపడింది.

యూరప్‌లో ఈ గొడవలు చూసే 2011లో ఒక ఆదేశం తెచ్చి, 2012 అక్టోబరు 31 నుంచి అమల్లో పెట్టారు. 0.1 శాతం దాటిన పెరాక్సైడ్‌ను దుకాణంలో నేరుగా అమ్మకూడదు. 6 శాతం వరకూ దంతవైద్యుల ద్వారానే వాడాలి. అంతకు మించింది నిషిద్ధం. 18 ఏళ్లలోపు పిల్లలకు కూడదు. పళ్లు తెల్లబరచడం దంతవైద్యమేనని 2013లో ఇంగ్లండ్ హైకోర్టు తీర్పిచ్చింది. మన దేశంలో దంతవైద్యుల చట్టం 1948లోనే వచ్చింది. జాతీయ దంత కమిషన్ చట్టాన్ని 2023లో పార్లమెంటు ఆమోదించింది. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది. కాగితం మీద ఇన్ని ఉన్నా, కుర్చీలో కూర్చున్న మనం నోరు తెరిచే ముందు నాలుగు మాటలు అడక్కపోతే లాభమేమిటి?

నల్గొండ, ప్రకాశం జిల్లాల ఆడపిల్లల సంగతి వేరు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించారు. నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్‌లో పడే గోధుమరంగు మరక అది. ఎంత తోమినా పోదు. తొందరపడి బ్లీచింగ్ చేయిస్తే ఒక్కోసారి తెల్లమచ్చలు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దానికి వేరే చికిత్సలున్నాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీటి వసతి లేనిచోట ఒకటిన్నర వరకూ ఫరవాలేదనీ ప్రమాణం ఉంది. పుట్టబోయే పిల్లల నవ్వును కాపాడేది వైటెనింగ్ జెల్లు కాదు, మంచినీళ్లు!

కాబట్టి ముందు అడగండి. జెల్లు పెట్టే మనిషి రిజిస్టరైన దంతవైద్యులేనా? పెరాక్సైడ్ ఎంత శాతం? పిప్పిపళ్లు, చిగుళ్ల జబ్బు ఉన్నాయేమో చూశారా? టీ మరకలు, గారే అయితే మామూలు క్లీనింగ్‌తోనే పోవచ్చు. కట్టించుకున్న పళ్లు, ఫిల్లింగులు తెల్లబడవు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడం మేలు. చేయించుకున్నాక మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు వాడాలి. పులుపు తిన్న వెంటనే తోమకుండా అరగంట ఆగాలి. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది.

ఇంత చేసినా ఆ తెలుపు శాశ్వతం కాదు. కొన్ని నెలలకో, ఒకట్రెండేళ్లకో మళ్లీ తగ్గుతుంది. అసలు పంటి సహజమైన రంగే కాస్త పసుపు ఛాయ. పిల్ల పళ్ల రంగు చూసి సంబంధం ఖాయం చేసేవాళ్ల కోసం, మళ్లీ పుట్టని ఎనామిల్‌ను మనం కట్నంగా ఇవ్వాలా?