అంకెలకు రూపము

పల్నాటి సీమలో పుష్య మాఘ మాసములు వచ్చినంతనే మిరపచేలు ఎఱ్ఱబారును. కోతకు ఊరి కూలీలు చాలరు. కర్నూలు ప్రాంతమునుండి సైతము కుటుంబములు పిల్లలతో వలసవచ్చును. ఆ దినములలో ఊరి బడులలో కొన్ని బల్లలు ఖాళీగా కనబడును. ఎందఱు రాలేదని అడిగినచో "చాలమంది" యనువారే కాని లెక్క చెప్పువారు అరుదు. కన్నుల యెదుటి సంగతిని లెక్కించి, వరుసపఱచి, పదుగురికి చూపగల నేర్పు చిన్ననాటనే అలవడవలెను.

దీనికి గొప్ప పరికరము లక్కఱలేదు. మూడవ తరగతి బాలిక సైతము హాజరుపట్టీని చూచి, వచ్చిన ఒక్కొక్కరికి ఒక్కొక్క నిలువుగీత గీయగలదు. నాలుగు గీతలమీద ఐదవ దానిని అడ్డముగా గీచినచో ఒక కట్ట యగును. కట్టలను లెక్కించుట సులభము. పిమ్మట ఒక్కొక్కరికి ఒక ఖాళీ అగ్గిపెట్టె చొప్పున ఒకదానిపై నొకటి పేర్చినచో అదియే కమ్మీ చిత్రము. పెట్టెలన్నియు ఒకే కొలతవి కావలెను. ఈ నియమము తెలిసిన బాలిక గళ్ల కాగితముపై తడబడదు.

ఎక్కములు రాని పసివారికి ఈ బొమ్మలేల యని కొందఱందురు. ఎక్కములు అవశ్యము నేర్వవలసినవే. కాని పుస్తకములోని అంకె పరులది. తాను లెక్కించిన అంకె తనది. అది తప్పినచో ఎవరును చెప్పకయే మరల లెక్కించును.

చిత్రమునకు సత్యమే ప్రాణము. 40 మంది గల తరగతికి కార్తికములో సగటున 36 మంది, మాఘములో 27 మంది వచ్చిరనుకొన్నచో, సున్న నుండి గీచిన రెండవ కమ్మీ మొదటిదానిలో ముప్పాతిక యుండును. 24 నుండి మొదలిడినచో అదియే పావువంతుగా కనబడును. అంకెలు మాఱలేదు, కన్ను మోసపోయినది. కావున గీయుటతోపాటు, ఇతరులు గీచినదానిని పరీక్షించుటయు నేర్పవలెను.

క్రిమియా యుద్ధములో సైనికులకు పరిచర్య చేసిన ఫ్లోరెన్సు నైటింగేలు 1858లో ఒక చిత్రమును అచ్చువేయించెను. గాయములకంటె నివారింపదగిన రోగములవలననే ఎక్కువమంది మరణించిరని అందులో రంగులతో చూపెను. సైన్యపు వైద్యశాలలను శుభ్రపఱుపవలెనను ఆమె వాదమునకు ఆ చిత్రము బలమయ్యెను.

అయినను చిత్రము "ఎందఱు" అని చెప్పునే కాని "ఎందుకు" అని చెప్పదు. రాని తొమ్మిదిమంది యిండ్లకు పోయి అడుగవలెను. ఒకడు చేనిలో నుండవచ్చును. ఒకతె చంటితమ్ముని ఎత్తుకొని యుండవచ్చును. మఱియొకడు జ్వరముతో పడియుండవచ్చును. "చాలమంది" యను మాటను విన్నవారు గడప దాటకమునుపే మఱచిపోవుదురు. బడిగోడమీది కుఱుచ కమ్మీని చూచిన పెద్దలు మాత్రము "ఈ తొమ్మిదిమంది ఎక్కడ?" అని అడుగక మానరు.