హీరో కావాలా? బ్యాండు కావాలా?

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీములో ఒకాయనకీ నాకూ పెద్ద వాదన జరిగింది. విషయం ఆఫీసుది కాదు, రాజకీయం అంతకన్నా కాదు. ప్లాస్టిక్ గిటార్లు! ఇల్లు సర్దుతుంటే పాత గేము గిటారు ఒకటి బయటపడిందట. "ఏ గేముది?" అన్నాను. "గిటార్ హీరోది. అసలు సరుకు అదే గురూ. రాక్ బ్యాండ్ దానికి నకలు. డ్రమ్సూ మైకూ తగిలించి ఎక్కువ రేటుకి అమ్మారంతే" అన్నాడు. అంతే, నేను తింటున్న పెరుగన్నం కూడా వేడెక్కింది.

మీటింగు టైమయిపోయి వాదన సగంలో ఆగింది. మిగతా సగం ఇక్కడ. ఆయనా చదువుతాడని నాకు తెలుసు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను :-)

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. గిటారు ఆకారంలో ఒక బొమ్మ ఉంటుంది. మెడ మీద అయిదు రంగుల మీటలు, తీగలు ఉండాల్సిన చోట పైకీ కిందకీ కదిలే ఒక పట్టీ. టీవీలో పాట నడుస్తుంటే రంగు బిళ్ళలు మనవైపు దొర్లుకుంటూ వస్తాయి. బిళ్ళ గీత దగ్గరకి రాగానే ఆ రంగు మీట నొక్కి పట్టీ కొట్టాలి. కొడితే పాటలో గిటారు వినబడుతుంది, తప్పితే ఆ గిటారు ఒక్కటే ఆగిపోతుంది. చెప్పుకుంటే ఇంతే. ఆడితే తెల్లారిపోతుంది.

ముందు ఈ నకలు సంగతి తేల్చేద్దాం. గిటార్ హీరో 2005 నవంబరులో వచ్చింది. బొమ్మ గిటారు తెచ్చిందీ, గేమును ప్రచురించిందీ రెడ్ఆక్టేన్. కానీ లోపలి గేమంతా రాసింది హార్మోనిక్స్. ఎమ్ఐటీ మీడియా ల్యాబులో చదివిన ఇద్దరు 1995లో పెట్టిన కంపెనీ అది. 2006లో రెడ్ఆక్టేన్‌ను యాక్టివిజన్ కొనుక్కుంది, హార్మోనిక్స్‌ను ఎమ్‌టీవీ కొనుక్కుంది. పేరేమో యాక్టివిజన్ దగ్గర, ఆ గేము కట్టిన మనుషులేమో ఎమ్‌టీవీ దగ్గర. యాక్టివిజన్ మూడో గిటార్ హీరోను నెవర్‌సాఫ్ట్ చేత రాయించి 2007 అక్టోబరులో విడుదల చేసింది. ఆ మరుసటి నెలే హార్మోనిక్స్ వాళ్ళ రాక్ బ్యాండ్ వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, ఎవరిది నకలు? బోర్డు ఒకరికి మిగిలి, వంటమనిషి ఎదురుగా ఇంకో హోటలు పెడితే, కొత్త హోటలుది నకలు సాంబారు అంటారా? ఇంకా వెనక్కి వెళ్దామంటే, మూడు మీటల గిటారుతో కొనామీ వాళ్ళు జపానులో గిటార్ ఫ్రీక్స్ అనే ఆటను 1999లోనే తెచ్చారు. కాబట్టి 'అసలు' అనే మాట ఇద్దరూ వాడకపోతేనే మర్యాద.

ఇక అసలు వాదన. నా లెక్కలో ఈ రెండు గేముల తేడా డ్రమ్సూ మైకూ కాదు. మనం బాగా వాయిస్తే ఒక శక్తి పోగవుతుంది. ఆ శక్తిని దేనికి వాడమన్నారు అన్నదే తేడా.

మూడో గిటార్ హీరోలో పోటీ ఘట్టాలు ఉన్నాయి. టామ్ మొరెల్లో, స్లాష్ లాంటి పేరున్న గిటారిస్టులతో తలపడాలి. బాగా వాయించి పోగుచేసిన శక్తితో ఎదుటివాడి తీగ తెంపాలి, వాడి పాట కష్టం చెయ్యాలి. వాడు తప్పులు చేసి పడిపోతే మనం గెలిచినట్టు. అదే నెలరోజుల తేడాతో వచ్చిన రాక్ బ్యాండ్‌లో చూడండి. నలుగురు వాయిస్తుంటే ఒకడు తడబడి ఆట నుంచి పడిపోయాడనుకోండి, మిగతా ముగ్గురిలో ఎవరైనా తాము పోగుచేసుకున్న శక్తిని ఖర్చుపెట్టి వాణ్ణి వెనక్కి తెచ్చుకోవచ్చు. వాణ్ణలాగే వదిలేస్తే కాసేపటికి బ్యాండంతా మునుగుతుంది.

అదండీ సంగతి. ఒకదాంట్లో సంగీతం ఎదుటివాణ్ణి పడగొట్టడానికి. రెండోదాంట్లో పడ్డవాణ్ణి లేపడానికి. కోడు రాసేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఇలాంటివి పొరపాటున రావు. ఎవరో ఒక గదిలో కూర్చుని, ఈ ఆట ఆడేవాళ్ళు ఒకరితో ఒకరు ఎలా ఉండాలి అని ఆలోచించి పెట్టిన నియమాలివి.

మన ఊళ్ళల్లో భజన చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. హార్మోనియం వాయించేవాడు ఒక్కడే ఉంటాడు, గొంతున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగతా వాళ్ళందరికీ తాళాలు ఇస్తారు. తాళం తప్పితే పక్కవాడు మోచేత్తో పొడిచి దారిలో పెడతాడు తప్ప బయటికి పంపడు. 2008లో మేం నలుగురం ఒక అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. మాలో ఒకతను ఇంగ్లీషు పాట జన్మలో విన్నవాడు కాదు, వీడియో గేమంటే చిన్నపిల్లల వ్యవహారం అనుకునేవాడు. గిటార్ హీరో ఆడిన రోజుల్లో అతను సోఫాలో కూర్చుని చిప్స్ తినేవాడు. రాక్ బ్యాండ్ వచ్చాక అతనికి డ్రమ్సు కర్రలిచ్చి, అన్నిటికన్నా తేలిక స్థాయి పెట్టి కూర్చోబెట్టాం. మొదటివారం మేం అతన్ని లేపని పాట లేదు. రెండు నెలలు తిరిగేసరికి మమ్మల్ని లేపింది అతనే! హీరో ఒక్కడే ఉండే ఆటలో అతని చోటు సోఫాయే.

"మరి గిటార్ హీరోలో కూడా బ్యాండు వచ్చిందిగా?" అంటాడు మావాడు. వచ్చింది. 2008 అక్టోబరులో, వరల్డ్ టూర్ పేరుతో. న్యాయంగా చెప్పాలంటే వాళ్ళ డ్రమ్సే మెరుగు. రాక్ బ్యాండ్‌లో నాలుగు పలకలూ ఒకే ఎత్తున ఉంటే, వీళ్ళు మూడు పలకలు పెట్టి, పైన రెండు సింబల్స్‌ని ఎత్తులో పెట్టారు. అసలు డ్రమ్సు ముందు కూర్చున్నట్టే ఉంటుంది. ఇందులో నాకు పేచీ లేదు. కానీ నకలు అన్న మాట ఇప్పుడు ఏ వైపుకి తిరిగిందో మావాడు గమనించాలి.

ఇక మా వృత్తికి దగ్గరి విషయం. కొన్న పాట ఎవరిది?

రాక్ బ్యాండ్ వాళ్ళు 2007 నవంబరు నుంచి 2013 ఏప్రిల్ దాకా వారం తప్పకుండా కొత్త పాటలు అమ్మారు. రెండో భాగం వస్తే అవన్నీ అందులోనూ పనిచేశాయి. మొదటి డిస్కులోని 58 పాటల్లో 55 పాటల్ని అయిదు డాలర్లిచ్చి కొత్తదాంట్లోకి తెచ్చుకునే వీలుండేది. 2015లో నాలుగో భాగం కొత్త తరం యంత్రాల మీద వస్తే, అదే కంపెనీ యంత్రం కొన్నవాళ్ళ పాత పాటలు చాలావరకు మళ్ళీ డబ్బు కట్టకుండానే అందులోకి వచ్చాయి. పాత డేటాను పారెయ్యకుండా కొత్త సిస్టంలోకి తేవడం ఎంత చాకిరీయో మైగ్రేషన్ ప్రాజెక్టులో నలిగినవాణ్ణి అడగండి. మెచ్చుకునేవాడు ఉండడు, చెయ్యకపోతే తిట్టేవాళ్ళు మాత్రం ఉంటారు.

గిటార్ హీరో దారి వేరు. ఏరోస్మిత్‌కి ఒక డిస్కు, మెటాలికాకి ఒకటి, వాన్ హేలెన్‌కి ఒకటి. 2009 ఒక్క ఏడాదిలోనే మెటాలికా, స్మాష్ హిట్స్, అయిదో భాగం, బ్యాండ్ హీరో, వాన్ హేలెన్, ఇవి చాలవన్నట్టు డీజే హీరో. దీపావళికి కూడా ఇన్ని రకాల టపాకాయలు రావు. రాక్ బ్యాండ్ వాళ్ళు కూడా పతివ్రతలేం కాదు, అదే ఏడాది లెగో బొమ్మలతో ఒకటి వదిలారు. కానీ అదే ఏడాది సెప్టెంబరులో వాళ్ళు తెచ్చిన బీటిల్స్ గేములో ముగ్గురు మూడు మైకులు పట్టుకుని మూడు స్వరాల్లో కలిసి పాడే ఏర్పాటు ఉంది. డిస్కు మార్చి డబ్బు అడగడం వేరు, కొత్తగా ఒక పని చేసి డబ్బు అడగడం వేరు.

2011 ఫిబ్రవరిలో యాక్టివిజన్ గిటార్ హీరో విభాగాన్ని మూసేసింది. 2015లో మళ్ళీ గిటార్ హీరో లైవ్ అని తెచ్చింది. మీటలు మూడేసి చొప్పున రెండు వరసలు, ఆలోచన బాగుంది. కానీ పాటల్లో ఎక్కువభాగం ఇంటర్నెట్టు మీద వాళ్ళ సర్వరు నుంచే రావాలి. పాటను కొనుక్కునే వీల్లేదు, కోరిన పాటను ఎంచుకుని ఆడాలంటే టోకెను ఖర్చు. 2018 డిసెంబరు 1న ఆ సర్వరు ఆపేశారు. వందల పాటలు ఒక్కరోజులో మాయం. డిస్కులో ఉన్న 42 పాటలు మాత్రం మిగిలాయి. రాక్ బ్యాండ్‌లో కూడా లైసెన్సు గడువు తీరిన పాటలు అంగట్లోంచి పోతూనే ఉన్నాయి. అయితే కొనుక్కున్నవాడి యంత్రంలో ఉన్న పాట అలాగే ఉంది. అంగడి మూయడం వేరు, మన ఇంటికొచ్చి బీరువా ఖాళీ చెయ్యడం వేరు కదండీ.

ఇంకో పాత గొడవ కూడా గుర్తుచేస్తాను. 2007 చివర్లో ప్లేస్టేషన్ 3 మీద గిటార్ హీరో 3 గిటారు రాక్ బ్యాండ్‌లో పనిచేసేది కాదు. పనిచేసేలా ప్యాచ్ తయారుచేశామనీ, యాక్టివిజన్ అభ్యంతరం వల్ల అది ఆగిందనీ హార్మోనిక్స్ బయటికి చెప్పేసింది. ఒప్పందం లేకుండా తమ పరికరాన్ని ఎలా వాడతారన్నది యాక్టివిజన్ మాట. చట్టం ప్రకారం ఎవరిది ఒప్పో లాయర్లు చూసుకుంటారు. నాకు కనబడేది ఒక్కటే. డబ్బిచ్చి గిటారు కొని ఇంటికి తెచ్చుకున్నవాడు, దాన్ని ఏ పాటకి వాయించాలో అమ్మినవాణ్ణి అడగాలా?

చివరగా, ఈ గొడవంతా వింటూ పక్కన కూర్చున్న మా మేనేజరుగారి ప్రశ్న. "ఆ టైములో నిజం గిటారు నేర్చుకోవచ్చు కదండీ?"

నేర్చుకోవచ్చు సార్. అయిదు మీటలు నొక్కితే గిటారు రాదు, నేనొప్పుకుంటాను. డ్రమ్సు కొంత వస్తుంది, చేతులూ కాలూ వేర్వేరుగా ఆడటం అక్కడ అబద్ధం కాదు. 2010లో రాక్ బ్యాండ్ 3 అయితే రెండు స్థాయుల కీబోర్డూ, 17 మెట్లకు ఆరేసి చొప్పున 102 మీటల గిటారూ పెట్టింది. అప్పటికే జనం ఇళ్ళల్లో ప్లాస్టిక్ పెట్టుకునే చోటు లేక విసిగిపోయారు. నాకు మాత్రం ఈ ఆట ఇచ్చింది వేరే ఉంది. అపార్టుమెంటులో ఎవరూ తీసుకోని బేస్ గిటారు నాకు అంటగట్టేవాళ్ళు. ఆరునెలలు అదే వాయించాను. ఆ తర్వాత ఒకరోజు కారులో చిన్నప్పట్నుంచి వింటున్న ఇళయరాజా పాట ఒకటి వస్తుంటే, పాట కింద ఇంకో పాట వినబడింది! బేస్ గిటారు తన దారిన తాను కథ చెప్పుకుంటూ పోతోంది. ఇరవయ్యేళ్ళు విన్నాను, ఒక్కసారీ వినలేదు. వాయించడం రాలేదు సార్, వినడం వచ్చింది. అది తక్కువ చదువా?

హార్మోనిక్స్‌ను 2021లో ఎపిక్ గేమ్స్ కొనుక్కుంది. రాక్ బ్యాండ్ 4కి కొత్త పాటలు 2024 జనవరితో ఆగిపోయాయి. అంటే నేను వెనకేసుకొచ్చిన పక్షం కూడా గెలవలేదు. ఇప్పుడు జనం పాత గిటార్లు తీసి, అభిమానులు రాసి ఉచితంగా ఇచ్చిన క్లోన్ హీరో అనే దాంట్లో వాయించుకుంటున్నారు. ఎవడైనా ఏ పాటకైనా బిళ్ళలు పేర్చుకోవచ్చు. తెలుగు పాటకి కూడా! గిటారు ఏ కంపెనీదని అందులో ఎవరూ అడగరు.

కాబట్టి మిత్రమా, దొరికిన ఆ గిటారు పారెయ్యకు. శనివారం మా ఇంటికి పట్రా. నువ్వు హీరోవే, ఎవరూ కాదనరు. నేను బేస్ తీసుకుంటాను. మా మేనేజరుగారికి డ్రమ్సు ఇద్దాం, తేలిక స్థాయిలో. పడిపోతే లేపుదాం.