గుమ్మం దగ్గర ఆగిపోయిన నలుగురు

తెలుగు విభాగం గోడపత్రికకి వీడియో గేమ్ గురించి రాస్తానంటే మా మేడమ్ ముందు నవ్వారు. తర్వాత, "రాయి, కానీ మన విభాగానికి పనికొచ్చేది అందులో ఒక్కటైనా ఉండాలి" అన్నారు. ఉందనే నా నమ్మకం. క్లాసులో మనమందరం ఒక్క గొంతుతో చెప్పిన ఒక జవాబు సరైనది కాదని నాకు ఈ గేమ్ ఆడాకే తోచింది.

ఆ ప్రశ్న ఇది. పద్మవ్యూహంలో అభిమన్యుడు ఎందుకు చనిపోయాడు? మన జవాబు: లోపలికి వెళ్ళడం తెలుసు, బయటికి రావడం తెలీదు కాబట్టి. దీని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు గేమ్ సంగతి. దాని పేరు బాల్డర్స్ గేట్ 3. బెల్జియంకి చెందిన లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో విడుదల చేసింది. అమెరికాలో 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట నియమాలే దీనికి ఆధారం. నలుగురితో ఒక జట్టు ఉంటుంది. యుద్ధం మొదలైతే ఒకరి తర్వాత ఒకరికి వంతు వస్తుంది. ఒక వంతులో కొంత దూరం నడవొచ్చు, ఒక పెద్ద పని, ఒక చిన్న పని చెయ్యొచ్చు. కొట్టిన దెబ్బ తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. చేతివేళ్ళ వేగంతో పని లేదు. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. అందుకే ఓడిపోతే, "చెయ్యి జారింది" అని తప్పించుకోవడానికి కుదరదు.

మా అన్నయ్య ఉద్యోగానికి విశాఖపట్నం వెళ్తూ తన కంప్యూటర్ని బరంపురంలో ఇంట్లోనే వదిలేశాడు. ఆదివారం మధ్యాహ్నాలు మేం నలుగురం దాని ముందు చేరేవాళ్ళం. నేను, మా పెద్దమ్మ కూతురు (నాకు అప్ప), పక్కవీధి ఒడియా అమ్మాయి, మన కాలేజీలోనే చదివే ఇంకొక స్నేహితురాలు. మౌస్ ఒక్కటే. ఎవరి పాత్రకి వంతు వస్తే వాళ్ళ చేతికి మౌస్ వెళ్తుంది. నేను కత్తి పట్టే లేజెల్. అప్ప మంత్రాలు వేసే గేల్. ఒడియా అమ్మాయి చాటుగా బాణం వేసే ఆస్టేరియన్. మిగిలిన స్నేహితురాలికి వైద్యం చేసే షాడోహార్ట్ వచ్చింది. ఆమె అడిగి తీసుకోలేదు. మేం ముగ్గురం మాకు కావలసినవి పట్టుకున్నాక మిగిలింది అదే.

పాడుబడ్డ ఊళ్ళో ఒక నుయ్యి ఉంటుంది. అందులోంచి దిగితే చీకటి గుహ. అక్కడొక పెద్ద సాలీడు, చుట్టూ దాని గుడ్లు, లోయ మీదుగా దారాలతో అల్లిన వంతెనలు. ఆ సాలీడు ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలుతుంది. అక్కడ మేం ఐదుసార్లు చచ్చాం.

ఐదుసార్లూ కథ ఒకటే. నేను కత్తి పట్టుకుని ముందుకి పరిగెత్తేదాన్ని. మిగతా ముగ్గురూ ఇరుకుదారిలో ఒకరి వెనక ఒకరు ఇరుక్కునేవాళ్ళు. గుడ్ల దగ్గరికి వెళ్ళడంతో అవి పగిలి పిల్ల సాలీళ్ళు బయటికొచ్చేవి. రెండు వంతుల్లో నేను పడిపోయేదాన్ని. పడిపోగానే నా అరుపు: "ఒలే, నన్ను లేపు! ఏటి చూస్తున్నావ్?" ఆమె తన వంతు వదులుకుని నన్ను లేపేది. లేచీ లేవగానే సాలీడు మళ్ళీ పడగొట్టేది. ఆమె ఏదో చెప్పబోతే, "ముందు లేపు, తర్వాత చెప్పు" అనేదాన్ని. ఐదోసారి, "నీవల్లే పోయింది" అని కూడా అన్నాను. ఆమె మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం రాలేదు. కాలేజీలో ఎదురుపడినా తల తిప్పుకుంది.

అన్నయ్యకి ఫోన్ చేస్తే, "ఈజీలో పెట్టుకోండే, ఆడపిల్లలకి ఎందుకంత కష్టం" అన్నాడు. ఈ గేమ్‌లో కష్టాన్ని మధ్యలో తగ్గించుకోవచ్చు. తగ్గించుకుంటే సిగ్గుపడాలని నేను అనను. కథ కోసం ఆడేవాళ్ళుంటారు, రోజంతా పనిచేసి వచ్చి అరగంట ఆడుకునేవాళ్ళుంటారు. వాళ్ళకి ఆ సౌకర్యం ఉండాల్సిందే. కానీ ఎందుకు ఓడిపోయామో తెలీకముందే తగ్గించుకుంటే, తెలుసుకునే అవకాశం పోతుంది. నాకైతే ఇంకో భయం కూడా ఉంది. తగ్గించి గెలిస్తే, తప్పు నా స్నేహితురాలిదేనని జీవితాంతం అనుకునేదాన్ని.

అందుకని ఒక సాయంత్రం ఒక్కదాన్నే కూర్చుని నలుగురి వంతులూ నేనే ఆడాను. షాడోహార్ట్ వంతు మొదటిసారి నా చేతికొచ్చింది. ఆమె దగ్గరున్న మంత్రాలన్నీ చదివాను. ఐదు యుద్ధాల్లో ఒక్కసారి కూడా చదవని విషయాలవి. 'బ్లెస్' అని ఒక మంత్రం ఉంది. అది వేస్తే ముగ్గురి పాచికకి ఇంకో నాలుగు ముఖాల పాచిక కలుస్తుంది, దెబ్బలు ఎక్కువ తగులుతాయి. 'హీలింగ్ వర్డ్' అని ఇంకోటి. పడిపోయినవాళ్ళని దూరం నుంచే లేపొచ్చు, అదీ చిన్న పనిగానే. పెద్ద పని చేతిలో మిగిలే ఉంటుంది. అంటే నేను "లేపు లేపు" అని అరవకపోతే, ఆమె నన్ను పడిపోకుండానే చూసుకునేది. దెబ్బ తగిలాక మందు రాయడం కంటే తగలకుండా చూడడం ఈ గేమ్‌లో చవక. ఆ పని చెయ్యగలిగిన మనిషిని నేను మందుడబ్బాలా వాడుకున్నాను.

మర్నాడు కాలేజీ క్యాంటీన్‌లో క్షమాపణ అడిగాను. "గేమ్ గురించే కదా, వదిలీ" అంది. కానీ గేమ్ గురించి మాత్రమే కాదని ఇద్దరికీ తెలుసు. గ్రూపు ప్రాజెక్టుల్లో కూడా చార్టు రాసే పని ఆమెకి, మాట్లాడే పని నాకు. అక్కడా ఎవరూ ఆమెని అడగలేదు.

ఆదివారం వచ్చింది. ఈసారి గుహలోకి దిగకముందే నేను మౌస్ ఆమె చేతిలో పెట్టి, "నువ్వేం చెప్పబోయావో చెప్పు" అన్నాను. ఆమెది మగ్గం ఉన్న ఇల్లు. బరంపురం పట్టుచీరలు నేసే కుటుంబం. తెరమీద వంతెనని చూపించి, "అది నిలబడింది దారం మీదే కదా. మేం అగ్గిపుల్ల కూడా మగ్గం దగ్గరికి రానివ్వం" అంది. అంతే. సాలీడు వంతెన మీదికి వచ్చేదాకా ఆగాం. ఒడియా అమ్మాయి "రుహ, రుహ" అంటూ మమ్మల్ని ఆపింది. అప్ప నిప్పు మంత్రం సాలీడు మీద కాకుండా దాని కాళ్ళకింద దారం మీద వేసింది. వంతెన తెగి, అంతెత్తు నుంచి సాలీడు కింద పడింది. ఆ ఒక్క పడిపాటుకే దాని ప్రాణం చాలావరకు పోయింది. ఆ రోజు మాలో ఒక్కరూ చావలేదు.

ఆ తర్వాత మేం నాలుగు అలవాట్లు చేసుకున్నాం. ఒకటి, గుమ్మం దాటకముందే చోటు చూసుకోవడం. ఎత్తున నిలబడితే బాణానికి బలం, ఇరుకులో నిలబడితే అందరికీ ఇబ్బంది. రెండు, నలుగురూ కలిసి ఒక శత్రువునే కొట్టడం. ప్రాణం చివర్లో ఉన్న శత్రువు కూడా నిండు ప్రాణంతో ఉన్నవాడంత గట్టిగానే కొడతాడు. నలుగురిని గాయపరచడం కంటే ఒకణ్ణి పడగొట్టడం మేలు. మూడు, దాచుకున్నవి వాడడం. పెళ్ళికి కట్టుకుందామని దాచిన చీర మడతల్లోనే చిరిగినట్టు, మా సంచిలో మందుసీసాలు, నిప్పుసీసాలు వాడకుండానే ఐదుసార్లు చచ్చాం.

నాలుగోది అందరికంటే నాకే కష్టమైంది, వెనక్కి తగ్గడం. యుద్ధం చెయ్యి దాటిందనిపిస్తే ఒక్కరైనా దూరం జరిగి బయటపడితే చాలు, మిగిలినవాళ్ళని శిబిరంలో విదర్స్ అనే ముసలాయన తలకి 200 బంగారు నాణేలు తీసుకుని బతికిస్తాడు. కానీ పారిపోవడం నామోషీ అనుకునేదాన్ని. గంజాంలో పుట్టి అలా అనుకోవడం నాకే వింత. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. అప్పటికే తీరంలో లక్షలమందిని ఇళ్ళు ఖాళీ చేయించారు. 1999 మహాతుఫానులో వేలమంది పోయిన రాష్ట్రంలో, ఈసారి ప్రాణనష్టం చాలా తక్కువ. ఆ రాత్రి ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళని మనం పిరికివాళ్ళని అన్నామా?

ఇప్పుడు అభిమన్యుడి దగ్గరికి. బయటికి రావడం తెలీదని అతను దాచలేదు. ధర్మరాజుకి ముందే చెప్పాడు. నువ్వు దారి తెరువు, మేం నీ వెనకే వస్తాం అని పెద్దవాళ్ళు మాట ఇచ్చారు. అంటే అతనికి తెలీనిదానికి బదులు జట్టు ఉంది. అతను దూసుకుపోయాడు. ధర్మరాజు, భీముడు, నకులుడు, సహదేవుడు నలుగురూ వ్యూహం గుమ్మం దగ్గరే ఆగిపోయారు. సైంధవుడు ఒక్కడే వాళ్ళని అడ్డుకున్నాడు. అర్జునుణ్ణి ఆ రోజు సంశప్తకులు ఇంకోవైపు లాక్కుపోయారు. కాబట్టి ఆ కుర్రాడు చనిపోయింది తల్లి కడుపులో సగమే విన్నందుకు కాదు. ముందున్నవాడికీ వెనకున్నవాళ్ళకీ మధ్య దూరం పెరిగినందుకు, గుమ్మం మూసుకుపోతే ఏం చెయ్యాలో ఎవరూ అనుకోనందుకు.

సైంధవుడికి శివుడి వరం ఉందిగా, అది విధి కదా అని మేడమ్ అడగొచ్చు. నిజమే, వరం ఉంది. కానీ వరం ఉన్నది గుమ్మం దగ్గర నిలబడ్డవాడికి. వెనక తిరిగి చూడకుండా పరిగెత్తమని ముందున్నవాడికి ఏ దేవుడూ చెప్పలేదు. ఐదుసార్లు అలా పరిగెత్తినదాన్ని కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటున్నాను. ఒప్పుకోనివాళ్ళు వచ్చే సంచికలో రాయండి, చదువుతాను.

మేం ఇప్పుడు పాతాళంలో లావా మధ్య ఉన్న ఒక కొలిమి దగ్గర ఆగాం. అక్కడొక లోహపు రాక్షసుడు, వాడిమీద మామూలు కత్తి పనిచెయ్యదు. ఆదివారం లోపలికి దిగేముందు నలుగురం తలో మాటా చెప్పాలని అనుకున్నాం. మొదటి మాట షాడోహార్ట్‌ది. నాది ఆఖరిది.