బఠాణీ తోటలో ఒక సహోదరుడు



ఈ నెల ఒక ఇంటి సంగతితో మొదలుపెడతాము. చాలా ఏళ్ల క్రితం, మేము సేవలోకి వచ్చిన కొత్తలో, ఒక సంఘస్థుని ఇంటికి ప్రార్థనకు వెళ్లాము. వరి కోతలైపోయి కుప్పలు వేసిన రోజులు. ఆ ఇంట్లో పెద్దవాడు పుట్టు చెవిటివాడు. అందుచేత మాటలు కూడా రాలేదు. రెండవది ఆడపిల్ల. ఆ బిడ్డకూ వినబడటం లేదని అప్పుడే తెలిసింది. అత్తగారు మంచం మీద కూర్చుని, కోడలు వింటుండగానే, "అయ్యగారూ, దీని కడుపులోనే ఏదో దోషముంది. మా వంశంలో ఇలాంటివి ఎరగం" అన్నది. కోడలు తల వంచుకుని పొయ్యి దగ్గరే ఉండిపోయింది. విచిత్రమేమంటే ఆ కోడలు పరాయి పిల్ల కాదు, అత్తగారి సొంత అన్న కూతురే.

ఆ రోజు మేమైనా ఆ బిడ్డ తల్లిని ఆదరించామా? లేదు. "దాచుకున్న పాపమేదైనా ఉంటే ఒప్పుకోండమ్మా, దేవుడు విడుదల ఇస్తాడు" అని చెప్పి ప్రార్థన చేసి వచ్చేశాము. బైబిలు కళాశాలలో డిప్లొమా పుచ్చుకుని వచ్చిన ఉత్సాహం. ఆ మాట ఆ తల్లి నెత్తిన మరో రాయి పెట్టిందని మాకు తోచలేదు. తర్వాత కొంతకాలానికి ఒక సహోదరుని జీవితచరిత్ర మా చేతికి వచ్చింది. అది చదివినాకనే మా తప్పు మాకు తెలిసింది. ఆయన పేరు గ్రెగర్ మెండెల్. ఆయన మన సంఘాలవాడు కాదు, రోమన్ కతోలిక మఠవాసి. అయినా ఆయన చేసిన పనివల్ల మన పల్లెల్లోని తల్లులకు కూడా మేలు కలిగింది.

మెండెల్ 1822లో, అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ఒక చిన్న పల్లెటూళ్లో రైతు ఇంట పుట్టాడు. ఆ ప్రాంతం ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు యోహాన్. ఆ రోజుల్లో అక్కడి రైతులు తమ పొలం చేసుకుంటూనే, వారానికి కొన్ని రోజులు దొరగారి వెట్టి కూడా చేయవలసి వచ్చేది. 1838లో ఆ పనిలో ఉండగా తండ్రి మీద దుంగ పడి, ఆయన మళ్లీ మునుపటిలా కష్టపడలేకపోయాడు. ఉన్నవాడు ఒక్క కొడుకు, వాడికేమో చదువు మీద మనసు. ఇంట్లో డబ్బు లేదు. అప్పుడు చెల్లెలు తెరేసియా తన కట్నానికని ఉంచిన భాగంలో కొంత అన్న చదువుకు ఇచ్చింది.

ప్రియులారా, ఆడపిల్ల సొమ్ము తీసుకున్న అన్నలు మన ఊళ్లలో తక్కువా? తీసుకుని మరచినవారెందరో. ఈ అన్న మరువలేదు. తర్వాతి కాలంలో ఆమె ముగ్గురు కొడుకుల చదువుకు తాను సహాయం చేశాడు. వారిలో ఇద్దరు వైద్యులయ్యారు.

1843లో ఆయన బ్రనో పట్టణంలోని పరిశుద్ధ తోమా మఠంలో చేరి గ్రెగర్ అనే పేరు తీసుకున్నాడు. 1847లో గురువుగా అభిషేకం పొందాడు. రోగులను చూసి రావడం, మరణశయ్య దగ్గర నిలబడటం ఆయనకు అప్పగించిన పని. ఆయన అది తట్టుకోలేకపోయాడు. రోగుల బాధ చూసి తానే మంచం పట్టేవాడు. మఠాధిపతి నాప్ వివేకం గలవాడు. ఈ సహోదరుడు పనికిరాడని తోసివేయలేదు. ఆ పనినుండి తప్పించి 1849లో జ్నోయ్మో అనే ఊళ్లో ఉపాధ్యాయుడిగా పంపాడు. అక్కడ ఆయనకు పాఠం చెప్పడం బాగా పట్టుబడింది.

అయితే పర్మనెంటు ఉపాధ్యాయుడు కావాలంటే పరీక్ష పాసవ్వాలి. 1850లో రాశాడు, తప్పాడు. మఠం వారు వియన్నా విశ్వవిద్యాలయానికి పంపితే 1851 నుండి 1853 వరకు భౌతికశాస్త్రం, గణితం, వృక్షశాస్త్రం చదివాడు. 1856లో మళ్లీ పరీక్షకు వెళ్లాడు. అదీ గట్టెక్కలేదు. ఆపైన ఇక ప్రయత్నించలేదు. 1854 నుండి 1868 వరకు, 14 ఏళ్లు, బ్రనోలోని పాఠశాలలో తాత్కాలిక ఉపాధ్యాయుడిగానే సైన్సు బోధించాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ వైద్య కళాశాలలోనైనా ఆయన పేరు చెప్పకుండా పాఠం నడవదు. పదవ తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున బిడ్డ మొహం చూడని తండ్రులు ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి. తప్పిన బిడ్డను ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. పక్కన కూర్చుని అన్నం పెట్టండి.

రెండవసారి పరీక్ష పోయిన ఆ 1856లోనే ఆయన మఠం తోటలో బఠాణీ మొక్కలతో పని మొదలుపెట్టాడు. బఠాణీ పువ్వు తనలో తానే ఫలదీకరణ చెందుతుంది. అందుకని మొగ్గ విచ్చకముందే లోపలి పుప్పొడి తిత్తులను చిమటాతో తీసివేసి, వేరొక మొక్క పుప్పొడిని అద్ది, పురుగు వాలకుండా చిన్న సంచి కట్టేవాడు. గద్వాల, నంద్యాల వైపు పత్తి విత్తనోత్పత్తి చేసే కుటుంబాలకు ఈ పని వేరే చెప్పనక్కరలేదు. సాయంకాలం మొగ్గలు గిల్లడం, తెల్లవారి పుప్పొడి అద్దడం వారికి అలవాటే. ఆయన కూడా ఎనిమిదేళ్లు ఇలాగే వంగి పనిచేశాడు. సుమారు 28,000 మొక్కలు పెంచాడని చెబుతారు.

ఆయన చూసినదేమిటి? గుండ్రని గింజల జాతిని, ముడతల గింజల జాతిని కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రని గింజలే వచ్చాయి. ముడత మాయమైపోయింది. ఆ గింజలను మళ్లీ నాటి, వాటంతటవే కాయనిచ్చాడు. ఈసారి 5,474 గింజలు గుండ్రంగా, 1,850 ముడతలుగా వచ్చాయి. అంటే మూడుకు ఒకటి. మాయమైందనుకున్న ముడత మనవల తరంలో తిరిగి వచ్చింది. గింజ రంగులోనూ, మొక్క ఎత్తులోనూ ఇదే లెక్క.

ఇందులోని మర్మం ఏమంటే, ప్రతి లక్షణానికీ రెండు పాళ్లు ఉంటాయి. ఒకటి తండ్రి వైపునుండి, ఒకటి తల్లి వైపునుండి. రెండూ వేరువేరైతే బలమైనది పైకి కనబడుతుంది, రెండవది దాగి ఉంటుంది. అది పాలలో కలిసిన నీళ్లలా కలిసిపోదు. దాగినది చెడకుండా తరువాతి తరానికి చేరుతుంది. రెండు వైపులనుండీ దాగిన పాలే వచ్చినప్పుడు మాత్రం అది బయటపడుతుంది. మనుష్యుల లక్షణాలన్నీ ఇంత సులువైన లెక్కకు లొంగవు గాని, చాలా పుట్టు వ్యాధుల విషయంలో ఈ లెక్క నిజం.

1865 ఫిబ్రవరి, మార్చి నెలల్లో బ్రనోలోని ప్రకృతిశాస్త్ర సంఘం ముందు ఆయన ఇదంతా చదివి వినిపించాడు. మరుసటి ఏడు అచ్చయింది. దాని విలువ ఎవరూ గ్రహించలేదు. 1868లో ఆయన మఠాధిపతి అయ్యాడు. లెక్కలు, పన్నుల తగాదాలతోనే మిగిలిన కాలం గడిచిపోయింది. 1884 జనవరి 6న మరణించాడు. 16 ఏళ్లు గడిచాక, 1900లో, వేరువేరు దేశాల శాస్త్రజ్ఞులు అదే సత్యాన్ని కనుగొని, తమకంటే ముందే ఒక మఠవాసి దీన్ని రాసిపెట్టాడని చూశారు.

వెంటనే అది వైద్యంలోకి వచ్చింది. లండనులో గారోడ్ అనే వైద్యుడు, పసిబిడ్డల మూత్రం గుడ్డల మీద నల్లబడే ఒక అరుదైన వ్యాధిని పరిశీలిస్తున్నాడు. తల్లిదండ్రులకు ఏ జబ్బూ లేదు. కాని వారిలో చాలామంది అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల బిడ్డలై ఉండి పెళ్లి చేసుకున్నవారని ఆయన గమనించాడు. మెండెల్ లెక్క దానికి సరిగ్గా సరిపోయింది. 1902లో ఆ సంగతి ప్రచురించాడు. మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావుగారు కూడా 1960 దశకంలో ఆంధ్రదేశంలోని దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద, వాటి ఫలితాల మీద పరిశోధన చేశారు.

ఇప్పుడు ఆ ఇంటికి వద్దాము. అత్తగారి తల్లికో తండ్రికో ఒక దాగిన పాలు ఉన్నదనుకోండి. అది అత్తగారి ద్వారా ఆమె కొడుకుకు వచ్చింది. ఆమె అన్న ద్వారా కోడలికి వచ్చింది. ఇద్దరికీ చెవులు బాగానే వినబడతాయి, ఎందుకంటే ఇద్దరిలోనూ అది దాగి ఉంది. వారికి పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఆ దాగినవి రెండూ కలిసి రావడానికి. మొదటి బిడ్డకు వచ్చింది కదా, రెండవ బిడ్డకు రాదనే నియమం లేదు. కాబట్టి, "మా వంశంలో లేదు" అన్న ఆ పెద్దామె మాట తప్పు. కోడలి కడుపు దోషమన్నది అంతకంటే తప్పు. తండ్రి ఇచ్చినది సగం, తల్లి ఇచ్చినది సగం. ఇచ్చినట్టు ఇద్దరికీ తెలియదు. తెలియక ఇచ్చినదానికి ఎవరిని నేరస్థులను చేస్తాము?

యోహాను సువార్త 9వ అధ్యాయం మీకు తెలిసినదే. పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ప్రభువును అడిగింది ఇదే ప్రశ్న: పాపం వీడిదా, కన్నవారిదా అని. ప్రభువు ఇద్దరిదీ కాదన్నాడు. ఆ అధ్యాయం మీద మేము అంతకుముందు ప్రసంగాలు కూడా చేశాము. అయినా ఆ వంటింటి గుమ్మం దగ్గర శిష్యుల ప్రశ్నే మా నోట వచ్చింది గాని ప్రభువు జవాబు రాలేదు.

మేము మళ్లీ ఆ ఇంటికి వెళ్లాము. కాగితం మీద నాలుగు గింజలు గీసి ఆ కుటుంబానికి వివరించాము. ఆ తల్లిని అందరి ఎదుట క్షమాపణ అడిగాము. ఆమె ఏమీ అనలేదు, ఏడ్చింది. అత్తగారు చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే మా అమ్మ నుంచీ వచ్చి ఉండొచ్చా అయ్యగారూ?" అన్నది. ఆ తర్వాత పిల్లలిద్దరినీ బధిరుల పాఠశాలలో చేర్చారు. ఇప్పుడు పెద్దవాడు కుట్టుమిషను పెట్టుకుని తన కాళ్ల మీద తాను నిలబడ్డాడు.

కుటుంబాలకు మా మనవి ఇది. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో ఇలా జరగదు. చాలామంది బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు. అలాగే పుట్టు చెవుడంతా ఈ కారణం చేతనే కాదు. కాని దగ్గరి సంబంధం అనుకునేటప్పుడు, ముఖ్యంగా మేనమామకు ఇవ్వదలచినప్పుడు, ఇరువైపులా పుట్టు వ్యాధులున్నాయా అని దాచకుండా మాట్లాడుకోండి, వైద్యుణ్ణి అడగండి. పొలం బయటికి పోతుందని ఆలోచించినంతగా పుట్టబోయే బిడ్డ గురించి కూడా ఆలోచించండి. పసిబిడ్డ చప్పుడుకు ఉలికిపడకపోతే, పిలిస్తే తిరగకపోతే, "పెద్దయితే వస్తుందిలే" అని ఊరుకోకుండా వెంటనే వినికిడి పరీక్ష చేయించండి. ఎంత త్వరగా తెలిస్తే బిడ్డకు అంత మేలు. ఇప్పటికే అట్టి బిడ్డ ఉన్న ఇంటికి వెళ్తే కారణం వెదకకండి, ఆ తల్లి చేతిలో పని కాసేపు అందుకోండి.

రోగుల మంచం దగ్గర నిలబడలేకపోయిన ఆ సహోదరుడు, తోటలో నిలబడి రోగులకు మేలు చేశాడు. దేవుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క చోటు ఇస్తాడు. మీ ఇంట్లో సైన్సు మీద ఇష్టమున్న పిల్లవాడో పిల్లో ఉంటే, అది భక్తికి విరోధమని భయపెట్టకండి. వారి చోటు అదేనేమో.

ప్రభువు చిత్తమైతే వచ్చే నెల మళ్లీ కలుసుకుందాము. ప్రభువు మీ ఇళ్లను, మీ బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.