డబ్బా మీద 4, లోపల 3.7

కార్లింగ్ అనే పేరు టాటానగర్‌కు బీరుగా కన్నా ఫుట్‌బాల్‌గానే ముందు తెలుసు. 1993 నుంచి 2001 దాకా ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌కు, 2003 నుంచి 2012 దాకా అక్కడి లీగ్ కప్‌కు తగిలించిన పేరు అది. 1987 నుంచి టాటా ఫుట్‌బాల్ అకాడమీ నడుస్తున్న ఊరిలో, అర్ధరాత్రి టీవీ ముందు కూర్చుని 'కార్లింగ్ కప్' స్కోరు గురించి వాదించుకున్న తరానికి కొదవ లేదు. రుచి చూసినవాళ్లే తక్కువ. ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసే కొడుకో, మేనల్లుడో సెలవులకు వస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చే 440 మిల్లీలీటర్ల డబ్బాయే కద్మా, బిష్టుపూర్‌లలోని తెలుగు ఇళ్లకు తొలి పరిచయం. విదేశీ సరుకు కదా అని దాన్ని అపురూపంగా తెరుస్తారు. అక్కడ మాత్రం అది సూపర్ మార్కెట్ అరల్లో పెట్టెలకు పెట్టెలు పేర్చి అమ్మే చవక సరుకు. దశాబ్దాల పాటు బ్రిటన్‌లో అత్యధికంగా అమ్ముడైన బీరు కూడా అదే.

గ్లాసులో పోస్తే లేత బంగారు రంగు. నురగ బాగానే లేస్తుంది, రెండు గుక్కలు తాగేలోపు అణగిపోతుంది. వాసన దాదాపు లేదు. కాసేపు ముక్కు దగ్గర ఉంచితే నానిన బార్లీ, ఉడికిన మొక్కజొన్న పొత్తు లీలగా తోస్తాయి. చేదు నాలుక కొసను తాకి వెళ్లిపోతుంది. బాగా చల్లగా ఉన్నంతసేపూ దీనిలో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, మెచ్చుకోవడానికీ ఏమీ ఉండదు. కానీ మే నెల టాటానగర్‌లో గ్లాసు పది నిమిషాలు బల్ల మీద ఉందంటే ఆ చల్లదనం చాటున దాగిన తీపి బయటపడుతుంది. ఆపైన మిగిలేది గ్యాస్ నింపిన నీళ్లే.

ఈ పలుచదనం వెనుక ఒక పన్ను కథ ఉంది. బ్రిటన్‌లో బీరు సుంకం అందులోని ఆల్కహాల్ శాతాన్ని బట్టి ఉంటుంది. కార్లింగ్ డబ్బా మీద 4 శాతం అని ఉంటుంది. అయితే 2012 నుంచి తాము 3.7 శాతమే లక్ష్యంగా పెట్టుకుని తయారు చేస్తున్నామని, సుంకం కూడా ఆ లెక్కనే కట్టామని ఉత్పత్తిదారు మోల్సన్ కూర్స్ పన్నుల ట్రిబ్యునల్‌లో చెప్పింది. 5 కోట్ల పౌండ్లకు పైగా బాకీ ఉందన్న పన్నుల శాఖ వాదన నిలవలేదు. 2017లో ఈ సంగతి పత్రికలకెక్కింది. లేబుల్‌పై అంకెకు అరశాతం అటూ ఇటూ ఉండవచ్చని అక్కడి చట్టమే అనుమతిస్తుంది కాబట్టి కంపెనీ నేరం చేయలేదు. పన్నుల శాఖకు ఒక అంకె, తాగేవాడికి ఇంకో అంకె చెప్పింది, అంతే. దీన్ని మోసం అనడం కుదరదు కానీ మర్యాద అనడం కూడా కష్టమే. 2023 ఆగస్టు 1న 3.5 శాతంలోపు పానీయాలకు తక్కువ సుంకం వచ్చాక బ్రిటన్‌లో ఈ పరుగు బాహాటమైంది. కార్ల్స్‌బెర్గ్ తన డేనిష్ పిల్స్‌నర్‌ను 3.8 నుంచి 3.4కు దించింది.

కార్లింగ్ తయారయ్యే బర్టన్ ఊరి నుంచే 1820లలో పేల్ ఏల్ పీపాలు ఓడలెక్కి కలకత్తా వచ్చేవి. హైదరాబాద్‌లో పుట్టిన కరణ్ బిలిమోరియా 1990లో బెంగళూరులో తయారు చేయించి బ్రిటన్ కర్రీ హోటళ్లకు పంపిన కోబ్రా కూడా 2009లో మోల్సన్ కూర్స్ చేతికి వెళ్లి, చివరకు ఆ ఊరే చేరింది. భోజనం మధ్యలో కడుపు ఉబ్బరించకుండా గ్యాస్ తక్కువగా ఉండాలన్నది బిలిమోరియా పట్టుదల. చేపల పులుసన్నం పక్కన కార్లింగ్ కంటే అదే నయం.

మన దేశంలో లెక్క తిరగబడుతుంది. చాలా రాష్ట్రాలు సుంకాన్ని ఆల్కహాల్ మోతాదుకు అచ్చంగా ముడిపెట్టవు. తేలిక సీసాకీ ఘాటు సీసాకీ ధరలో తేడా కొద్దిపాటిదే అయినప్పుడు, షిఫ్టు దిగి వచ్చే కార్మికుడు ఏది అడుగుతాడో ఊహించడానికి అర్థశాస్త్రం చదవనక్కర్లేదు. 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతమంటే 52 మిల్లీలీటర్ల ఆల్కహాల్, అంటే దాదాపు మూడు కార్లింగ్ డబ్బాలు. మన బీరు అమ్మకాల్లో ఐదింట నాలుగు వంతులు హేవార్డ్స్ 5000, కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్ తరహా సరుకేనంటే రుచి కోసం కాదు. అక్కడ పన్ను బీరును పలుచన చేస్తే, ఇక్కడ ఘాటెక్కించింది.

టాటానగర్‌లో అసలైన చవక బీరుకు మాత్రం సీసా కూడా లేదు. వండిన అన్నం చల్లార్చి, బియ్యప్పిండి, అడవి వేర్లతో చేసిన రాను బిళ్లలు కలిపి కుండలో కొన్ని రోజులు పులియబెట్టిన హండియా అది. సంతాల్, హో, ముండా ఇళ్లలో పూర్వీకులకు నివేదించే పానీయం. సంతల్లో ఆదివాసీ మహిళలు సాల్ ఆకు దొన్నెల్లో పోసి అమ్ముతారు. పాల రంగు, కాస్త మందం, నోరూరించే పులుపు. తరవాణి ఎరిగిన శ్రీకాకుళం వాళ్లకు ఇది పరాయి రుచేమీ కాదు. శాతం ఎంతంటే అమ్మే ఆమె కూడా చెప్పలేదు. కానీ ఎప్పుడు కలిపిందీ, ఎంత పులిసిందీ అడిగితే చెబుతుంది. ఆమె చేత ఈ వ్యాపారం మాన్పించాలని జార్ఖండ్ ప్రభుత్వం 2020లో ఫూలో-ఝానో ఆశీర్వాద్ అభియాన్ పెట్టి, వేరే పని చూసుకోవడానికి రూ. 10,000 వడ్డీలేని రుణం ఇచ్చింది. రోడ్డు పక్కన ఎండలో కూర్చుని తాగుబోతుల మాటలు పడే బతుకు నుంచి తప్పిస్తే మంచిదే. సీసా మద్యం మీద వచ్చే సుంకాన్ని మాత్రం అదే ప్రభుత్వం వదులుకోలేదు.

పదికి మార్కులు: కార్లింగ్‌కు 4, డబ్బా మీది అంకెను గౌరవించి. లోపలి అంకె ప్రకారమైతే 3.7. ఘాటు సీసాకు 3, అది కూడా ఐసు పెట్టెలోంచి అప్పుడే తీస్తేనే. హండియాకు ఆ రోజు కుండను బట్టి 5 నుంచి 7 దాకా.