గూగులమ్మకి తెలియని పాత పేపర్లు

ఏదైనా విషయం మీద వాదన మొదలైతే ఇప్పుడు మనందరం చేసే పని ఒకటే - జేబులోంచి ఫోను తీసి వెతకడం. దొరికిందా, గెలిచినట్టు. దొరకలేదా, అసలు అది జరగనట్టే! మన సాఫ్టువేరు జనాలకి ఈ జబ్బు మరీ ఎక్కువ. పాతవన్నీ ఎవరో ఎప్పుడో స్కాన్ చేసేసి ఉంటార్లే అని ఓ గుడ్డి నమ్మకం. తెలుగు పత్రికల విషయంలో ఆ నమ్మకం పనికిరాదు. పాత వార్త కావాలంటే ఇవాళ్టికీ గ్రంథాలయం మెట్లెక్కాల్సిందే. ఆ బీరువాల్లో ఉన్నది పోతే మళ్ళీ రాదు. ఈ టపా ఎందుకంటే అందుకే.

అసలు పాత పేపరు ఎందుకు, చరిత్ర పుస్తకాలున్నాయిగా అని అడగొచ్చు. మన భాషలో చెప్తా. చరిత్ర పుస్తకం అంటే ప్రాజెక్టు అయిపోయాక మేనేజరు రాసే రిపోర్టు. పేపరు అంటే లాగ్ ఫైలు. సర్వరు పడిపోయినప్పుడు మనం ఏది తెరుస్తాం? లాగే కదా!

ఉదాహరణకి పొట్టి శ్రీరాములు గారి దీక్ష. ఎన్ని రోజులు చేశారని అడిగితే 56 అని కొందరు రాస్తారు, 58 అని కొందరు రాస్తారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి గారింట్లో మొదలైంది. డిసెంబరు 15 రాత్రి ఆయన పోయారు. మొదటి రోజుతో కలిపి లెక్కేస్తే 13, 30, 15 - మొత్తం 58. ఈ మాత్రం లెక్కకి లైబ్రరీ అక్కర్లేదు. కానీ ఆ 58 రోజుల్లో దీక్ష వార్త ఎప్పుడు లోపలి పేజీల్లో ఉంది, ఎప్పుడు మొదటి పేజీకెక్కింది, ఏ ఊళ్ళో ఏ రోజు బంద్ జరిగింది - ఇవి పుస్తకంలో ఒక్క వాక్యంలోకి కుదించుకుపోతాయి. రోజుకో సంచిక చొప్పున తిప్పితేగానీ ఆ వేడి మనకి తెలీదు.

దివిసీమ ఉప్పెన కూడా అంతే. 1977 నవంబరు 19. కనీసం పది వేల మంది పోయారని ఇవాళ మనకి తెలుసు. మర్నాడు పేపరు చదివినవాడికి తెలీదు. రోడ్లూ తీగలూ తెగిపోయిన ఊళ్ళ నుంచి కబురు రావడానికే రోజులు పట్టింది. అంచేత పేపర్లో ఉన్నదంతా నిజమని కాదు నేననేది. ఆ రోజుకి ఏం తెలుసో అది మాత్రం అందులో ఉంటుంది. తర్వాత ఎవరూ దాన్ని దిద్దలేరు.

సరే, మరి నెట్లో ఏమీ లేవా? ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికల్ని స్కాన్ చేయించింది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసినవాటిలో చాలావరకు ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. ఆ పని చేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ అవన్నీ బొమ్మలు. వెతుకుడు పెట్టెలో పదం కొడితే దొరకవు. అచ్చుపోసిన పాత టైపు, మసకబారిన సిరా, ఇరుకు కాలమ్‌లు - ఓసీఆర్ ఇంకా తడబడుతూనే ఉంది. ఒకవేళ అది రేపు బాగుపడ్డా, ఏ పదంతో వెతుకుతారు? విజయవాడ అని కొడితే బెజవాడ రాదు. మచిలీపట్నం అని కొడితే బందరు రాదు. మనం కరెంటు అన్నది వాళ్ళు విద్యుచ్ఛక్తి అని రాశారు. పైగా అరసున్నలూ, బండి ఱలూ!

కాబట్టి పాత పేపర్లకి తాళంచెవి పదం కాదు, తేదీ. తేదీ తెలిస్తే సగం పని అయిపోయినట్టే. అయితే ఇవాళ జరిగింది రేపు వస్తుందనే లెక్క పాత రోజుల్లో పనిచెయ్యదు. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో దినపత్రిక అయ్యింది, అచ్చయ్యేది మద్రాసులో. పల్లెటూరి విలేఖరి రాసిన ఉత్తరం పోస్టులో అక్కడికి చేరి, అచ్చయి, తిరిగి రావాలి. తేదీ దొరికాక ఓ వారం ముందుకీ తిప్పాలి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మా ఊరి హైస్కూలు పాత విద్యార్థులంతా కలిసి ఓ సంచిక వేద్దామనుకున్నారు. బడి ఎప్పుడు పెట్టారంటే ముగ్గురు మూడు సంవత్సరాలు చెప్పారు. రికార్డులు వానకి తడిసి పోయాయి. శిలాఫలకం మీద ఒకాయన పేరుంది, తేదీ అరిగిపోయింది. వెతికే పని సాఫ్టువేరు వాణ్ణని నాకు అంటగట్టారు.

ముందు పెద్దవాళ్ళని అడిగాను. ఏ సంవత్సరం అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. అప్పుడు దేశంలో ఏం జరుగుతోందని అడగాలి. చైనా యుద్ధానికి చందాలెత్తినప్పుడు బడి ఇంకా లేదన్నారు మా పెదనాన్న. నెహ్రూ పోయినప్పుడు సంతాపసభ బడి వరండాలోనే జరిగిందన్నారు ఇంకో మాష్టారు. అంటే 1962 చివరికీ 1964 మే 27కీ మధ్య. ఏడాదిన్నర, సుమారు 540 సంచికలు. మనుషుల జ్ఞాపకాల మీద బైనరీ సెర్చి చెయ్యొచ్చు గానీ, పేపర్ల మీద మాత్రం లీనియర్ సెర్చే!

మొదట వెళ్ళిన గ్రంథాలయంలో ఆ బీరువా ఖాళీ. చెద పట్టిందని అంతకు కొన్నేళ్ళ ముందే తూకానికి వేసేశారట. ఏవేవి అమ్మారో జాబితా కూడా లేదు. రెండోచోట బైండు చేసిన సంపుటాలు దొరికాయి. రెండు రోజులు తిప్పితే వార్త కనపడింది, ఆరే ఆరు లైన్లు. తేదీ దొరికింది, సంతోషం. కానీ అందులో బడికి స్థలమిచ్చినవాళ్ళ పేర్లు నాలుగున్నాయి. శిలాఫలకం మీద ఉన్నాయన అందులో ఒకరు. మిగతా ముగ్గురిలో ఇద్దరి పేర్లు ఊళ్ళో ఎవరూ ఎత్తగా నేను వినలేదు. వాళ్ళ మనవలకే తెలీదు! అరవయ్యేళ్ళుగా ఒక్కరి పేరు మీద నడిచిన కథని ఆరు లైన్ల చిన్న వార్త మార్చేసింది. ఆ సంపుటం కూడా తూకానికి పోయుంటే ఆ ముగ్గురూ ఎప్పటికీ లేనట్టే.

ఇలాంటి చిన్న వార్తలే మనకి ముఖ్యం. శ్రీరాములు గారి దీక్ష గురించి పది చోట్ల దొరుకుతుంది. మీ ఊరి కాలవకి గండి పడ్డ సంగతి, మీ తాలూకా ఆఫీసు ముందు జరిగిన ధర్నా సంగతి దొరకవు. జిల్లా టాబ్లాయిడ్లు వచ్చాక ఇంకో చిక్కు. గుంటూరు జిల్లా పేజీలో పడ్డ వార్త హైదరాబాదు ఎడిషన్లో ఉండదు. అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీలో ఎంత వెతికినా అది కనపడకపోవచ్చు. దాన్ని దాచుకోవాల్సింది ఆ జిల్లాలోనే.

"ఇప్పుడన్నీ ఆన్‌లైనే కదా, ఇకమీద ఆ బాధ లేదు" అంటారా? 2000ల మొదట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు గుర్తుతెచ్చుకోండి. ఒక్కో పేపరుకి ఒక్కో సొంత ఫాంటు. యూనికోడ్‌లో చదవడానికి మనం ఫైర్‌ఫాక్సులో పద్మ తగిలించుకునేవాళ్ళం. ఆ పేజీల్లో ఎన్ని మిగిలాయి? ఎక్కడన్నా ఒకటి మిగిలినా ఆ ఫాంటు లేకపోతే పిచ్చిగీతలే. 1914 నాటి కాగితం కూడబలుక్కునైనా చదవగలం, 2003 నాటి వెబ్ పేజీ చదవలేం. ఇందులో సిగ్గుపడాల్సింది కాగితం కాదు, మనం.

అలాగని కాగితం శాశ్వతమనీ కాదు. న్యూస్‌ప్రింటు చవకరకం కలపగుజ్జుతో చేస్తారు, దాన్లో ఆమ్లం ఉంటుంది. దానంతటదే పసుపెక్కి, పెళుసై, మడత దగ్గర విరుగుతుంది. టైము తక్కువుంది.

మరి మనమేం చెయ్యాలి? స్కానర్లు కొనిచ్చేద్దాం అని వెంటనే లేవకండి. ముందు కావాల్సింది ఒక జాబితా. మీ ఊరి గ్రంథాలయంలో ఏ పత్రిక, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉంది, మధ్యలో ఏవి లేవు - ఒక స్ప్రెడ్‌షీటు. రెండు శనివారాల పని. జాబితా ఉంటే తూకానికి వేసే ముందు కనీసం ఒకరు అడ్డం పడతారు. రెండు, ఫొటో తీస్తే వార్తముక్క ఒక్కటే కాదు, తేదీ కనపడేలా మొత్తం పేజీ తియ్యండి. ఫ్లాష్ వద్దు, సంపుటాన్ని వీపు విరిగేలా వంచొద్దు. మూడు, పేరు లేకుండా వచ్చిన వార్తలకి మన చట్టం ప్రకారం అచ్చయిన 60 ఏళ్ళ తర్వాత కాపీహక్కు పోతుంది. అలాంటివి నలుగురికీ దొరికేచోట పెట్టండి.

ఇంకో సంగతి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. దాన్ని మునిసిపాలిటీలూ పంచాయతీలూ వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకి సరిగ్గా జమచెయ్యవన్నది ఏళ్ళ తరబడి పేపర్లలో వస్తున్న వార్తే. కాబట్టి లోపలికి వెళ్ళి ఓ సంపుటం చూపించమని అడగడం ఎవర్నీ బతిమాలడం కాదు. మన డబ్బు, మన లాగ్ ఫైలు.

ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు ఓ పూట అటు వెళ్ళి చూడండి. మీ ఊరి బీరువాలో ఏ ఏడాది నుంచి ఉన్నాయో, ఏవి పోయాయో రాయండి. ముందు ఓ నాలుగు ఊళ్ళ జాబితా తయారైతే మిగతా సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఏమంటారు?